వెనక్కి రాని బాలీసు

నంద్యాలలోని గఫార్ పరుపుల అంగడిలో ఒక నియమం ఉండేది. ఏకడానికి వచ్చిన పాత పరుపులను ఎవరైనా విప్పవచ్చు. పాత బాలీసు దిండును మాత్రం దస్తగిరమ్మ తప్ప మరెవరూ విప్పకూడదు. పనివాళ్ళు మారారు. దూది ఏకే విల్లు పోయి యంత్రం వచ్చింది. అంగడి ముందరి మట్టిబాట సిమెంటు రోడ్డయింది. నలభై ఏళ్ళలో మారనిది ఆ నియమమొక్కటే. బాలీసు రాగానే ఆమె చాప మీద కూర్చుని, దాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, ఒక కొస నుంచి మరో కొస దాకా రెండు అరచేతులతో పిండుతూ పోయేది. తర్వాత కుట్టు తెంపి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, దూదిని పిడికెడు పిడికెడుగా బయటికి తీసేది. ఆఖరి పిడికెడు వచ్చాక గలీబును తిరగేసి దులిపి, "ఊఁ, ఏకండి" అని లేచిపోయేది.

"మీ అత్త దిండ్లలో బంగారం ఎతుకుతాండాదా ఏందన్నా?" అని కొత్తగా చేరిన ప్రతి పనివాడూ జావేద్‌ను అడిగేవాడు. జావేద్ ఆమె తమ్ముడి కొడుకు, ముప్పై అయిదేళ్ళవాడు. అంగడి వ్యవహారమంతా ఇప్పుడు అతనిదే. జవాబు అతనికీ తెలియదు. అడిగితే ఆమె, "సూది ఉంటే చేతికి గుచ్చుకుంటాదిరా" అనేది. ఆమె చెయ్యి మాత్రం చెయ్యి కాదా అని అతను తిరిగి అడగలేదు.

ఆ సంవత్సరం రెండు సంగతులు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. మన ఆడపిల్లలు ప్రపంచకప్పు గెలిచారు. ఆ సంబరంలో నంద్యాల విలేఖరి ఒకాయన పాత కాగితాలు తిరగేసి, పరుపుల అంగడికి వచ్చి, దస్తగిరమ్మను నిలబెట్టి ఫొటో తీసుకుపోయాడు. ఎనభైలలో దేశం తరఫున ఆడిన లెగ్ స్పిన్నర్ అంటూ జిల్లా పేజీలో అరచెయ్యంత వార్త వచ్చింది. వారం తిరక్కముందే క్రికెట్ సంఘం నుంచి ఉత్తరం: తొలితరం క్రీడాకారిణుల గుర్తులతో ఒక గది ఏర్పాటు చేస్తున్నామనీ, ఆమె దగ్గరున్న వస్తువేదైనా పంపితే గౌరవంగా భద్రపరుస్తామనీ. రెండో సంగతి ఇంటిది. నెలాఖరుకు అంగడి మూసి, ఆత్మకూరు రోడ్డులో స్పాంజి పరుపుల దుకాణం తెరవాలని జావేద్ నిశ్చయించాడు. దూది పరుపు ఏకించుకునేవాళ్ళు ఏడాదికి పదిమంది కూడా లేరు. అతన్ని తప్పుపట్టడానికి ఆమెకు కారణమేదీ కనబడలేదు.

"ఏం పంపుతాండావత్తా? నీ బంతి ఏదన్నా ఉండాదా?" ఉత్తరం మడుస్తూ అడిగాడు జావేద్.

"ఉండాది" అంది దస్తగిరమ్మ. "యాడుందో తెలీదు."

అప్పుడు, అరవై ఒకటో ఏట, మొదటిసారిగా చెప్పింది.

*

ఆమె చేతిలోని తిప్పు క్రికెట్ నేర్పినది కాదు. నాయన గఫార్ విల్లు దూలానికి వేలాడుతూ ఉండేది. నడుము సన్నగా ఉన్న చెక్కతో దానికి బిగించిన నరాన్ని కొడితే దూది మబ్బులా లేచేది. ఊరికే బాదితే నరం తెగుతుంది. తగిలీ తగలకముందే మణికట్టును తిప్పి చెక్కను వెనక్కి లాగాలి. ఎనిమిదో ఏటికే దస్తగిరమ్మకు ఆ ఒడుపు పట్టుబడింది. బడిలో ఒకనాడు మగపిల్లల బంతి గోడ దాటి వస్తే ఆమె ఆ చేత్తోనే తిరిగి విసిరింది. నేల తగిలిన బంతి అటు పోవలసింది ఇటు పోయింది. డ్రిల్లు మాస్టారు అబ్రహాము ఈల నోట్లోంచి తీసి, "ఇంగోసారి ఎయ్యి పాపా" అన్నాడు. ఆ సాయంత్రమే కొబ్బరి పీచు చాప పరిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి, ఒక ఇటుకను గుర్తుగా పెట్టాడు. నాలుగేళ్ళ పాటు ఆమె సాయంత్రాలన్నీ ఆ ఇటుకకే అంకితమయ్యాయి.

"బంతి తిప్పితే ఏమొస్తాది?" అని తల్లి రహమత్‌బీ.

"దూది ఏకితే ఏమొస్తాదో అదే. చేతికి పని" అని గఫార్.

రాష్ట్ర జట్టు, దక్షిణాది జట్టు, ఆ తర్వాత దేశం జట్టు. ఇప్పటివాళ్ళకు చెబితే నవ్వుతారు: జనరల్ బోగీలో కిట్టు సంచుల మీద కూర్చుని ప్రయాణం, సెలవుల్లో ఖాళీగా ఉన్న ఏదో బడి గదిలో బస. పద్నాలుగు మందికి మూడు బ్యాట్లు. రాత్రి సిమెంటు నేల చలికి నడుములు పట్టేసేవి. గఫార్ ఈ మాట విని, మనిషికొకటి చొప్పున పద్నాలుగు పలుచటి పరుపులు కుట్టి, తాళ్ళతో చుట్టి రైలెక్కించాడు. అప్పట్నుంచి జట్టులో ఆమె పేరు 'పరుపుల పిల్ల'. బొంబాయి అమ్మాయిలు, కలకత్తా అమ్మాయిలు ఇంగ్లీషులో ఏదేదో మాట్లాడుకునేవారు. నిద్ర వేళకు మాత్రం అందరూ ఆమె చుట్టూ చేరి పరుపుల కోసం పోట్లాడేవారు.

ఎనభై అయిదులో కటక్‌లో న్యూజీలాండ్ మీద ఆమె మొదటి టెస్టు. మూడో రోజు మధ్యాహ్నం మూడు వికెట్లు. మూడోది పొడుగాటి పిల్ల. కాళ్ళ పక్కన పడిన బంతిని ఇక నాకేం భయమన్నట్టు వదిలేసింది. అది పోయి అవతలి వికెట్టును పడగొట్టింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి వికెట్లను చూసి, తర్వాత దస్తగిరమ్మ చేతిని చూసింది. ఆ చూపు ఆమెకు ఇప్పటికీ జ్ఞాపకం. ఆట అయ్యాక కెప్టెన్ బంతిని ఆమె చేతిలో పెట్టింది. స్కోరు రాసే అమ్మాయి నల్ల ఇంకుతో ఇంగ్లీషులో 'ఇండియా, కటక్, 3' అని రాసింది. టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తెచ్చింది దస్తగిరమ్మ.

రెండేళ్ళలో మూడు టెస్టులు, అయిదు ఒక్కరోజు మ్యాచులు, పద్నాలుగు వికెట్లు. తర్వాత ఏళ్ళ తరబడి మ్యాచులే లేవు. నాయన భుజం పడిపోయింది. విల్లు ఆమె చేతికి వచ్చింది. అంతే.

బంతి సంగతి మాత్రం అంతకుముందే జరిగింది. ఎనభై అయిదు వేసవిలో ఆమె హైదరాబాదులో శిక్షణకు పోతే, తమ్ముడు బంతిని వీధిలోకి తీసుకుపోతాడన్న భయంతో రహమత్‌బీ దాన్ని ఇంటి బాలీసు నడిమధ్యలో పెట్టి కుట్టేసింది. విలువైన వస్తువేదైనా వాళ్ళ ఇండ్లలో దాగేది బాలీసులోనే. ఈ సంగతి తల్లి ఎవరికీ చెప్పలేదు. అది పెండ్లిండ్ల కాలం. పెండ్లి పడకకు ఒక బాలీసు తక్కువైతే గఫార్ ఇంట్లోదానికే కొత్త గలీబు తొడిగి బండెక్కించాడు. ఆ వారంలో డోన్, పగిడ్యాల, ఆళ్ళగడ్డ, జూపాడు బంగ్లా వాళ్ళవి నాలుగు పెండ్లి పడకలు పోయాయి. ఇంటి బాలీసు వాటిలో ఏ పడకతో పోయిందో ఆయనకు గుర్తులేదు.

"పోయి అడుగుదాం నాయనా" అంది తిరిగొచ్చిన దస్తగిరమ్మ.

"అది మన పనిలో లేదు" అన్నాడు గఫార్. "పెండ్లి పడక ఇచ్చినాక మళ్ళీ మనమే పోయి దబ్బనం ముట్టిస్తే కొత్త జంటకు కీడని ఎంచుతారు. ఏడెనిమిదేండ్లకు దూది గడ్డకడతాది. అప్పుడు యాడికి పోతాయి? మన అంగడికే వస్తాయి."

వచ్చాయి. డోన్ బాలీసు వచ్చింది, పగిడ్యాలది వచ్చింది. వేరే వాళ్ళవి వందలకొద్దీ వచ్చాయి. బంతి రాలేదు.

*

జావేద్ అంతా విని తల గోక్కున్నాడు. "అంటే నెలాఖరుకు అంగడి మూస్తే..."

"అది వచ్చేదానికి చోటుండదు" అని పూర్తి చేసింది దస్తగిరమ్మ. అతను ముఖం దించుకుంటే, "నువ్వేం చేస్తావులేరా" అని లేచింది.

నెలాఖరుకు అయిదు రోజులుందనగా అంగడికి ఫోను వచ్చింది. ఆడగొంతు. పేరు ఉమామహేశ్వరమ్మ, ఊరు ఆళ్ళగడ్డ.

"పేపర్లో పడిన ఆమె నువ్వేనా? గఫార్ అంగడేనా అది? మా బాలీసుకు ఆ పేరు గుడ్డముక్క కుట్టుండాది. రెండు బాలీసులుండాయి. మనుషుల్ని పంపొద్దు. నువ్వే రా. నిన్నొక మాట అడగాల" అని, జవాబు వినకుండానే పెట్టేసింది.

మరునాడు పొద్దున్నే జావేద్ ట్రాలీ ఆటోలో శిరివెళ్ళ మీదుగా బయల్దేరారు. ఆళ్ళగడ్డ దగ్గరవుతుండగా రాతిశిల్పుల ఉలుల చప్పుడు మొదలైంది. రోడ్డు పక్కన సగం చెక్కిన దేవతలు, ముక్కులింకా తేలని నాయకులు ఎండలో నిలబడి ఉన్నారు. దస్తగిరమ్మ దారిపొడవునా కుడి మణికట్టును ఎడమచేత్తో నొక్కుకుంటూనే ఉంది.

ఉమామహేశ్వరమ్మది సేద్యగాళ్ళ పాత మిద్దె. అరవై దాటిన మనిషి, బక్కపలుచన, చూపు నిలకడైనది. భర్త పుల్లయ్య వసారాలో చేతికర్ర ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్ళను చూసి తల ఊపాడు గానీ మాట్లాడలేదు. చాప మీద రెండు బాలీసులున్నాయి. దస్తగిరమ్మ మొదటిదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. అరచేతులు సగం దాకా పోయి ఆగిపోయాయి.

గుండ్రంగా, గట్టిగా తగిలింది.

వెంటనే ఆమె కుట్టును చూసింది. అది నాయన కుట్టు కాదు, తల్లి కుట్టూ కాదు. బెదిరిన చేతితో పెద్ద పెద్ద పోగులుగా వేసిన కుట్టు.

"దీన్ని ఒకసారి విప్పినారు" అంది.

"విప్పింది మా అత్త. మళ్ళా కుట్టింది నేను" అంది ఉమామహేశ్వరమ్మ. "అందులో ఏముందో నీకు తెల్సు. అవునా? అది నా పెండ్లి బాలీసులోకి ఎట్లొచ్చింది? నలభై ఏండ్లుగా అడగాలనుకుంటాండా."

పెండ్లయిన నెలకే అత్తగారికి అది చేతికి తగిలిందట. విప్పి చూస్తే ఎర్రటి గుండు, చుట్టూ తెల్లదారపు కుట్లు, మీద నల్లటి రాత. పడక పెట్టింది కోడలి పుట్టింటివాళ్ళు. చేతబడి అన్నారు. కొడుకును తమవైపు తిప్పుకోవడానికి పిల్ల తరఫువాళ్ళే పెట్టించారన్నారు.

"ఎనిమిది చదివినాను గదా, కూడబలుక్కుని చదివినా. ఇండియా అని రాసిందత్తా అన్నా. ఇండియా అని రాసిన గుండు నీ దిండులోకి యాలొచ్చింది మే, అనె మా అత్త. నేనేం చెప్పాల? మా నాయన వచ్చి దేవుని పటం ముట్టి ప్రమాణం చేసినాడు. నమ్మలేదు. ఇంట్లో చేతబడి అనే మాట బయటికి పొక్కితే పరువు పోతాదని మీ అంగడికొచ్చి అడిగినోళ్ళు గూడ లేరు. ఆర్నెల్లు పుట్టింట్లో ఉన్నా. అత్తకు కాలు ఇరిగితే గానీ నన్ను పిలవలేదు."

నలభై ఏళ్ళుగా పోగొట్టుకున్నది తనొక్కతే అనుకుంది దస్తగిరమ్మ. ఆ వేసవిలో నాయన ఆ ఒక్క పద్ధతి మీరి ఆళ్ళగడ్డ బండెక్కి ఉంటే ఈ మనిషి ఆర్నెల్లు తలదించుకుని ఉండేది కాదు.

"దాన్ని పారేయలేదా మరి?" అని అడిగింది జావేదే.

"వక్కిలేరు ఏట్లో పారేసి రమ్మని ఈయన్ని పంపిరి. పారేయకుండా తెచ్చి గాదెలో దాచినాడు. యాలని అడిగితే చెప్పడు. నేను తిరిగొచ్చినాక నా చేతిలో పెట్టినాడు. అదీ నేనూ ఇద్దరం కలిసి నిందలు మోసినాం గదా అని, తీసిన చోటే పెట్టి కుట్టినా. ఇంక ఏకేదానికి ఎట్ల పంపేది? విప్పితే బయటపడతాది. గడ్డకట్టిన బాలీసు మీదే పండుకున్నాం ఇన్నేండ్లు." ఉమామహేశ్వరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మొన్న టీవీలో ఆడపిల్లలు ఆడతాంటే మా మనవరాలు గీతాంజలి చూపించింది. ఆ గుండు తెల్లగుండాది, ఇది ఎర్రది. కుట్లు మాత్రం అవే. వారం తిరక్కముందే పేపర్లో నీ ఫొటో, కింద గఫార్ అంగడి పేరు. చెప్పు, ఎట్లొచ్చింది?"

దస్తగిరమ్మ చెప్పింది. కటక్ నుంచి చెప్పింది, టిఫిన్ డబ్బా చెప్పింది, తల్లి భయం, తక్కువైన ఒక బాలీసు, నాయన మాట, అన్నీ. చెప్పడం ముగించి, "తప్పు మాది తల్లీ" అంది.

ఉమామహేశ్వరమ్మ లేచి కత్తెర తెచ్చి ఇచ్చింది. దస్తగిరమ్మ ఆ పెద్ద పెద్ద పోగులను ఒక్కొక్కటిగా తెంపి చెయ్యి దూర్చింది. బయటికి వచ్చిన బంతి ఎరుపు మాసి ఇటుకరాయి రంగుకు తిరిగింది. తోలు ఎండి పెళుసైంది. ఒకచోట కుట్టు లేచింది. దూది పొత్తిళ్ళలో ఇంకు మాత్రం చెదరలేదు. ఆమె దాన్ని గుండెకు హత్తుకోలేదు, ముద్దు పెట్టుకోలేదు. చూపుడువేలు, నడిమివేలు కుట్టుకు అడ్డంగా వేసి, ఉంగరపువేలు మడిచి చూసుకుంది. వేళ్ళకు ఇంకా దారి తెలుసు.

"ఇది నీది. నువ్వే తీస్కపో" అంది ఉమామహేశ్వరమ్మ. "కానీ ముందు రంగమ్మొదినకు చూపించల్ల. మా అత్త పోయింది, మామ పోయినాడు. మా ఆడబిడ్డ ఒక్కతే ఉండాది. ఇప్పటికీ పెండ్లిండ్లలో, మా ఉమా పుట్టింటోళ్ళు గుండు పెట్టిన సంగతి అని మొదలుపెడతాది. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతా."

దస్తగిరమ్మ లేచి నిలబడింది. "యాడుంటాది ఆమె?"

*

రంగమ్మ ఇల్లు రెండిండ్ల అవతల. ఎనభై దగ్గర పడిన మనిషి నాపరాళ్ళు పరిచిన వాకిట్లో మంచమేసుకుని శనక్కాయలు వొలుస్తోంది. నలుగురూ ఒకేసారి లోపలికి రావడం చూసి కళ్ళు చిట్లించింది.

"ఏందప్పా, అంతా కట్టకట్టుకోని వచ్చినారు? పెండ్లి పిలుపా?"

"వదినా, గుండు తెచ్చినా. దీని సొంతదారు ఈమె" అంది ఉమామహేశ్వరమ్మ.

కథంతా విన్నాక రంగమ్మ బంతిని అటూ ఇటూ తిప్పి చూసింది. "పేపర్లో నూరు రాస్తారు. నువ్వు ఇండియాకు ఆడినావా? ఆ కాలంలో? పరుపులు కుట్టేదానివి?" అని దస్తగిరమ్మను ఎగాదిగా చూసి, "ఉమా, ఈమెను యాడ పట్టకొచ్చినావ్ మే? బాగా చెప్తాండాది కత" అంది.

దస్తగిరమ్మకు కోపం రాలేదు. తనను నమ్మకపోవడం ఆమెకు కొత్త కాదు. ఎవరు నమ్మకపోయినా ఇన్నేళ్ళూ ఊరుకుంది. కానీ ఇప్పుడు పక్కన నిలబడిన మనిషి ముఖం చిన్నబోవడం చూసింది.

"పుల్లయ్యన్నా, మీ కర్ర పట్టుకోని ఆ రోలు ముందర నిలబడండి" అంది.

"నేనా?"

"మీరే. బంతి వస్తే కర్రతో ఆపండి. మీకు చేతనైతే."

జావేద్ ఏదో అనబోయాడు. గట్టిగా మూత తిప్పాలన్నా బాధతో ముఖం ముడుచుకునే అత్తను అతనెరుగును. ఆమె అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంటోంది.

మొదటిది వేళ్ళలోంచి జారిపోయింది. పక్కకు పోయి నీళ్ళ డ్రమ్ముకు తగిలి ఖంగుమంది. రంగమ్మ మంచం ఊగేలా నవ్వింది. "మా కోడిపుంజు ఇంతకంటే తిన్నగా ఎగురుతాది!" ఉమామహేశ్వరమ్మ నవ్వలేదు. బంతిని తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

దస్తగిరమ్మ ఈసారి తొందరపడలేదు. నాపరాళ్ళను చూసింది. రెండు రాళ్ళ సందులో పడితే సందు తిప్పిందంటారు; కనుక నడిరాయి మీదే పడాలి. పుల్లయ్య ఎడమకాలికి జానెడు అవతల ఒక నున్నటి రాయి ఉంది. దాని మధ్యలో ఒక ఇటుకను ఊహించుకుంది. నాలుగడుగులు నడిచి, చెయ్యి ఎత్తి, నరం తెగకుండా చెక్కను వెనక్కి లాగినట్టు మణికట్టు తిప్పింది. కణుపుల్లో కళుక్కుమంది.

బంతి గాలిలో తేలికగా లేచి, పుల్లయ్య కాళ్ళ పక్కకు పోతున్నట్టుగా దిగింది. ఆయన నవ్వి కర్ర అటు పెట్టాడు. నున్నటి రాయి నడుమ తాకిన బంతి ఒక్కసారిగా పక్కకు తిరిగి, కర్రను దాటి, ఆయన ముందు నుంచే పోయి రోలుకు ఠప్పున తగిలింది.

పుల్లయ్య వెనక్కి తిరిగి రోలును చూశాడు. తర్వాత ఆమె చేతిని చూశాడు. దస్తగిరమ్మకు ఆ చూపు తెలుసు.

రంగమ్మ వొలుస్తున్న శనక్కాయ చేతిలోనే ఆగిపోయింది. "అదెట్ల తిరిగిందిరా?" అంది తమ్ముడితో.

"అక్కా, అది బంతి" అన్నాడు పుల్లయ్య. పొద్దుట్నుంచి ఆయన నోరు విప్పి చెప్పిన మొదటి పెద్ద మాట అదే. "బంతేనని నాకు ఆ పొద్దే తెల్సు. నంద్యాల కాలేజీలో పిల్లోళ్ళు ఆడతాంటే చూసినా. అందుకే ఏట్లో పారేయబుద్ధి కాలేదు. అమ్మ ముందర చెప్పేదానికి నోరు రాలేదు."

ఎక్కడో ఉలి చప్పుడు. రంగమ్మ చేట పక్కన పెట్టి, తమ్ముడి వైపు ఒకసారి, మరదలి వైపు ఒకసారి చూసింది.

"తెల్సినోడివి నోట్లో ఏం పెట్టుకున్నావురా నలభై ఏండ్లు?" అని గద్దించి, గొంతు తగ్గించి, "ఇట్ల వచ్చి కూచో ఉమా" అని మంచం మీద పక్కకు జరిగింది. ఉమామహేశ్వరమ్మ కూర్చుంది. ఆమె భుజాలు కదలడం చూసి దస్తగిరమ్మ ముఖం తిప్పుకుని, రోలు దగ్గర పడి ఉన్న బంతిని తీసి చీర కొంగుతో దుమ్ము తుడిచింది.

తిరుగు ప్రయాణంలో బంతి ఆమె ఒళ్ళో ఉంది. రెండు బాలీసులు వెనక ట్రాలీలో ఉన్నాయి. నెలాఖరు లోపల ఏకి ఇస్తానని మాట ఇచ్చి తెచ్చింది. ఆ అంగడిలో జరగబోయే ఆఖరి పని అది. వాపెక్కిన మణికట్టుకు రంగమ్మ కట్టిన తడిగుడ్డ ఇంకా చల్లగానే ఉంది.

"బంతి ఎప్పుడు పంపాలత్తా, సంఘమోళ్ళకు?" అడిగాడు జావేద్.

"ఫోటో పంపుదాం ముందు. రంగమ్మ మనవరాలి పెండ్లి వచ్చే నెలలో. ఉమామహేశ్వరమ్మకు దీన్ని ఆడ నలుగురికీ చూపించే పని ఉండాది."

శిరివెళ్ళ దాటాక మళ్ళీ అడిగాడు. "ఒక బాలీసు అయితే నువ్వే విప్పినావు. రెండోది అట్లే ఉండాది కదా. పొద్దున పనోళ్ళకు ఏం చెప్పాల?"

దస్తగిరమ్మ బంతిని ఎడమచేతిలోకి మార్చుకుని, కిటికీలోంచి వరిమళ్ళ వైపు చూస్తూ అంది.

"ఎవరన్నా విప్పుకోండిరా."